పిల్లల వార్డులో ఇంటి దుప్పట్లు

పొద్దున్నే వంటింటి బల్ల చుట్టూ కూర్చుని టీ తాగడం ఆ ఇంటి అలవాటు. ఏ విషయమైనా అక్కడే తేలాలి. కారుతున్న కుళాయి ఎవరు బాగుచేయించాలి, ఎవరి మీద ఎవరికి కోపం, అన్నీ ఆ బల్ల మీదే. పెద్దకొడుకు టైలరు. ముందుగదిలోనే ఆయన మిషను. మాటలు ముదిరాయంటే చాలు, టీ గ్లాసు పట్టుకుని మెల్లగా జారుకుని మిషను తొక్కడం మొదలుపెడతాడు. టకటకటక. ఆ చప్పుడులో ఎవరు ఎవర్ని తిట్టుకున్నా ఆయనకు వినపడదు. వినపడనట్టు ఉంటాడు.

ఆయన భార్య ప్రభుత్వాసుపత్రి స్టోర్స్‌లో గుమస్తా. ఆసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీ కాంట్రాక్టును చూసుకునే పెద్దమనిషి రిటైరయ్యాక, సూపరింటెండెంటు ఆమెను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. "ఇవాళ్టి నుంచి లాండ్రీకి పర్యవేక్షణ ప్రతినిధివి నువ్వే. నీ పని నీకుంటుంది, దాంతోపాటు ఇదీ. ఏముందమ్మా, నెలాఖరుకు పని బాగుందని సంతకం పెట్టడమే" అన్నాడు.

అంతే. శిక్షణ లేదు. వేరే టైము లేదు. అడిగితే చెప్పే దిక్కు లేదు. ఆ కాగితం ఆమె బస్సులో నిలబడి చదువుకుంది. ఉతికి తెచ్చిన బట్టలు స్వయంగా చూడాలి. లోపముంటే రాసివ్వాలి. ఒప్పందంలో ఒక్క ముక్క మార్చే హక్కు మాత్రం లేదు. ఇది ముందు ఉతుకు, అది తర్వాత ఉతుకు అని కాంట్రాక్టరుతో నోటిమాటగా అనడానికి కూడా వీల్లేదు. ఆ మార్పు సూపరింటెండెంటే కాగితం మీద పెట్టాలి. తనవాళ్ళెవరైనా ఆ కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తుంటే వెంటనే తెలపాలి. అధికారం చిటికెడు, బాధ్యత గంపెడు. మన ఆఫీసులు నడిచేదే ఇలా. చేసేవాడి నెత్తి కనిపిస్తే చాలు, మూట దించేస్తారు.

అప్పటికి తనవాళ్ళెవరూ అక్కడ లేరు. కొన్నాళ్ళకే మరిదికి ఆ లాండ్రీలోనే సూపర్‌వైజరు పని దొరికింది. పనిచేసే వర్క్‌షాపు మూతపడి, నలుగురిలోకి రాలేక గోడలు చూస్తూ కూర్చున్న మనిషి. ఆ నీలం యూనిఫాం చొక్కా వేసుకున్నాక మళ్ళీ ఈల వేయడం మొదలుపెట్టాడు. అత్త ఆ చొక్కా ఎవర్నీ ముట్టనివ్వకుండా తనే ఇస్త్రీ చేసేది. కోడలు వెళ్ళి సూపరింటెండెంటుకు చెప్పింది. "ఆ, పర్లేదులే" అని ఆయన చెయ్యి ఊపాడు. ఊపిన చేతికి సాక్ష్యం ఉండదు. ఆమె అది రాసివ్వలేదు.

ఆ రోజు పొద్దున మరిది బిస్కెట్టు టీలో ముంచుతూ అన్నాడు. "వదినా, ఇవాళ సంతకం రోజు. మా ఓనరు మరీ మరీ గుర్తు చేయమన్నాడు."

"పెట్టను."

"అదేంటి?"

"పిల్లల వార్డుకు ఉతికిన దుప్పట్లు రావట్లేదు. నోటీసిచ్చాను. మీ ఓనరు జవాబేది?"

"జవాబేముంది వదినా? నువ్వే చెప్పావుగా."

"నేనా? నేనేం చెప్పాను?"

"మా లాండ్రీలో నీళ్ళు కాచే బాయిలర్ పాడైనప్పుడు. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే. ఏవి ముందు ఉతకమంటావని అడిగితే, ఆపరేషన్ థియేటర్‌వి ముందు చూడు, పిల్లల వార్డు కాస్త ఆగినా పర్లేదు అన్నావు. నేను అదే పోయి చెప్పా. మేడమ్ ఆర్డరు, ఇకనుంచి పిల్లల వార్డుకు వారానికోసారి చాలు అని ఓనరు అందరికీ చెప్పేశాడు."

ఆమె చేతిలో గ్లాసు ఆగిపోయింది. నిజమే, అంది. బస్సు టైమవుతోంది, నోట్లో రొట్టె ముక్క ఉంది, చెప్పులు వెతుక్కుంటోంది. మరిదితో అన్న మాట అది. కాంట్రాక్టరుతో అనలేదు. కానీ ఆ ఇంట్లో మరిది ఎక్కడ ఆగుతాడో, కాంట్రాక్టరు మనిషి ఎక్కడ మొదలవుతాడో ఎవరు గీత గీశారు?

"బాయిలర్ బాగైందా లేదా?" అంది.

"ఎప్పుడో బాగైంది."

"మరి?"

"మరి అంటే... ఓనరు మార్చమనలేదు. నువ్వూ అడగలేదు."

అడగలేదు. అదీ నిజమే. మూటలు స్టోర్ గుమ్మం దగ్గర చూసి, అందులో అన్ని వార్డులవీ ఉన్నాయనుకుని సరిపెట్టుకుంది. వార్డులోకి మొన్ననే అడుగుపెట్టింది. అప్పటికే పిల్లల ఒంటి మీద దద్దుర్లు.

"ఇవాళ మొత్తం రాసిస్తాను" అందామె లేస్తూ. "పని సరిగా జరగలేదని రాస్తాను. నాకు హక్కు లేని మాట నేనన్నానని రాస్తాను. మా మరిది అక్కడే పనిచేస్తున్నాడని కూడా రాస్తాను."

ముందుగదిలో మిషను మొదలైంది. టకటకటక.

కూరగాయలు తరుగుతున్న అత్త కత్తిపీట పక్కకు తోసింది. "నీకేమన్నా మతిపోయిందా అమ్మాయ్? నీ తప్పు నువ్వే రాసుకుంటావా? నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగరు అత్తయ్యా. అందుకే ఇంతదాకా వచ్చింది."

"వాడి ఉద్యోగం పోతుంది. తెలుసా?"

"తెలుసు."

"తెలిసే వాడి నోటి దగ్గర కూడు లాగేస్తావా? వాడు మనిషై తిరుగుతున్నది ఇప్పుడిప్పుడే. ఇంట్లో అన్న మాట ఇంట్లోనే పూడ్చెయ్యి. సంతకం గీకి పారెయ్యి, వచ్చే నెల నుంచి గట్టిగా చూసుకో."

"ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటే ఈ పీడే లేదు. అది లాండ్రీ దాకా పోయి ఆర్డరై కూర్చుంది."

"ఒరేయ్ పెద్దోడా! ఆ మిషను ఆపి నీ పెళ్ళానికి ఒక్క మాట చెప్పరా!"

మిషను ఇంకా వేగంగా తిరిగింది. కోడలు సంచీ భుజాన వేసుకుని, ముందుగది గుమ్మంలో ఒక్క క్షణం నిలబడింది. "ఏమండీ, ఆ సూది కింద గుడ్డ లేదు" అని చెప్పి బయటికి వెళ్ళిపోయింది.

మిషను ఆగింది.

*

మధ్యాహ్నం అత్త ఆసుపత్రికి బయల్దేరింది. సూపరింటెండెంటు కాళ్ళావేళ్ళా పడైనా సరే, ఈ బాధ్యత కోడలి మెడలోంచి తీయించి ఇంకెవరి మెడలోనైనా వేయించాలన్నది ఆవిడ ఉద్దేశం. వేరేవాళ్ళయితే సంతకం గీకేస్తారు, చిన్నోడి చొక్కా చిన్నోడి ఒంటి మీద ఉంటుంది. ఆఫీసు ఎటో తెలియక వరండాలన్నీ తిరిగి, చివరికి పిల్లల వార్డులో తేలింది.

మొదట ఆవిడకు ముచ్చటేసింది. మంచానికో రంగు. పువ్వులది ఒకటి, గళ్ళది ఒకటి, ఏనుగు బొమ్మలది ఒకటి. ఎంత చక్కగా ఉంచారు అనుకుంది. కిటికీ పక్క మంచం మీద ఒక చంటిది పడుకుని ఉంది. దాని కింద పచ్చటి మందపాటి గుడ్డ. అంచు వెంట ఇనుప కన్నాలు.

"ఇదేంటమ్మా, ఇలా ఉంది దుప్పటి?" అనడిగింది పిల్ల తల్లిని.

"దుప్పటి కాదు పెద్దమ్మా. మా ఇంటి గుమ్మం కర్టెను."

"కర్టెనా?"

"ఉన్న రెండు దుప్పట్లూ తడిసిపోయాయి. ఆరేదాకా ఇదే. ఆ కన్నాలు ఒత్తుకుంటాయని ఇటు మడతపెట్టాను."

"ఆసుపత్రివాళ్ళు ఇవ్వరా?"

"వారానికోసారి ఇస్తారు. ఈ పిల్లలు గంటకోసారి తడుపుతారు. ఇళ్ళ నుంచి తెచ్చుకోండన్నారు. అందుకే ఇదంతా ఇలా పెళ్ళిపందిరిలా ఉంది. ఎవరో మేడమ్ ఆర్డరటగా, పిల్లల వార్డు ఆగినా పర్లేదని." ఆ తల్లి పిల్ల వీపు మీది దద్దుర్లకు తడిగుడ్డ అద్దుతూ, తల ఎత్తకుండానే అంది. "ఆ మహాతల్లి ఎవరో గానీ, ఒక్క పూట వచ్చి ఈ కన్నాల మీద పడుకుంటే తెలిసేది. కడుపున పుట్టినవాళ్ళు ఉన్నారో లేరో దానికి."

కోడలికి పిల్లల్లేరు. ఆ మాట ఇంట్లో ఎవరూ, తను కూడా, ఎంత కోపంలోనూ అనరు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషి అనేసింది. అనడంలో ఆ మనిషి తప్పేముంది?

బాయిలర్ పాడైన నాటి పొద్దుటి సంగతి అత్త కళ్ళకు కట్టింది. చిన్నోడు అడుగుతున్నాడు. కోడలు "ఆగు, సూపరింటెండెంటును అడిగి చెప్తా" అనబోయింది. అప్పుడు తనే అంది, "అబ్బ, ఏదో ఒకటి చెప్పి పంపవే, వాడి టీ చల్లారిపోతోంది" అని. వాడి టీ చల్లారకూడదని తను అనిపించిన మాట అది.

"దానికి కడుపున పుట్టినవాళ్ళు లేరమ్మా" అంది అత్త. "అయినా ఇప్పుడు నీ పిల్ల కోసమే లోపల పోట్లాడుతోంది."

ఆ తల్లి అర్థంకానట్టు చూసింది.

*

సూపరింటెండెంటు గదిలో కోడలు నిలబడి ఉంది. బల్ల మీద ఆమె రాసిన కాగితం. ఆయన అది వేలితో దూరంగా నెట్టి, నుదురు రుద్దుకుంటున్నాడు.

"ఇదంతా ఇప్పుడు రచ్చ చేసుకోవాలా అమ్మా? పైవాళ్ళు నన్నడుగుతారు. మీ మరిది సంగతి ముందే ఎందుకు చెప్పలేదంటారు."

"చెప్పాను సార్. మీరు చెయ్యి ఊపారు."

"ఏమో, నాకు గుర్తులేదు."

"నాకు గుర్తుంది. అదీ రాశాను."

గుమ్మంలో అలికిడైంది. అత్త. కోడలి ముఖం పాలిపోయింది. ఇక్కడ కూడానా అనుకుంది. అత్త లోపలికి రాలేదు. వెనక్కి తిరిగి ఎవర్నో చెయ్యి పట్టుకుని లాగింది. మూటలు దించడానికి వచ్చిన చిన్నకొడుకు, నీలం చొక్కాలో.

"సంతకం పెట్టించుకు రమ్మన్నారమ్మా..." అంటున్నాడు వాడు.

"పద. ముందు నీకొకటి చూపిస్తా."

వాణ్ణి తీసుకుపోయి ఆ కిటికీ పక్క మంచం ముందు నిలబెట్టింది. కర్టెను మడత విప్పి, ఇనుప కన్నాలున్న అంచు వాడి అరచేతిలో పెట్టి నొక్కింది. వాడు కాసేపు ఆ గుడ్డను చూశాడు, కాసేపు చంటిదాని వీపును చూశాడు. మూటలు మోయించడమే గానీ, అవి ఎవరి కిందికి వెళ్తాయో వాడు ఎప్పుడూ చూడలేదు.

తిరిగొచ్చి సూపరింటెండెంటు బల్ల ముందు నిలబడ్డాడు. "బాయిలర్ బాగై చాలా రోజులైంది సార్. వదిన మాట అడ్డం పెట్టుకుని ఉతకడం మానేశాం. నేను కూడా రాసిస్తాను." కాస్త ఆగి, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "వదినా, ఓనరు నన్ను పనిలోకి తీసుకున్నప్పుడు పని గురించి ఒక్క ముక్క అడగలేదు. మీ వదిన ఆ ఆసుపత్రిలోనే కదా అన్నాడు, అంతే. నాకు అప్పుడే తెలుసు. తెలిసి, తెలియనట్టు ఆ చొక్కా వేసుకున్నాను."

ఆమె వాడి మీద అరవాలనుకుంది. నెల రోజుల అలసట, కోపం గొంతు దాకా వచ్చాయి. కానీ వాడు చిన్నపిల్లాడిలా కాలర్ గుండీ పీక్కుంటుంటే, "కూర్చుని రాయి. తేదీ వెయ్యడం మర్చిపోకు" అని మాత్రం అంది.

సూపరింటెండెంటు రెండు కాగితాలూ తీసుకోక తప్పలేదు. కాంట్రాక్టరు బిల్లు ఆగింది. బిల్లు ఆగేసరికి సాయంత్రానికల్లా పిల్లల వార్డుకు తెల్లటి దుప్పట్లు ఇంకా వేడివేడిగా వచ్చాయి. ఇన్నాళ్ళూ కుదరనిది ఒక్క పూటలో ఎలా కుదిరిందో అడిగినవాడు లేడు. ఆమెను ఆ బాధ్యత నుంచి తప్పించారు. ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆయన్ని పిలిచి, "ఏముందయ్యా, నెలాఖరుకు సంతకం పెట్టడమే" అన్నారు. ఆయన కాగితం జేబులో పెట్టుకుని బయటికి రాగానే ఆమె దారికి అడ్డంగా నిలబడింది.

"మూటలు గుమ్మం దగ్గర చూడకండి. రండి, మంచాల దగ్గర చూద్దాం" అని వార్డులోకి నడిచింది.

*

మర్నాడు పొద్దున అందరూ బల్ల దగ్గరే ఉన్నారు. మరిది మామూలు చొక్కాలో ఉన్నాడు. నీలం చొక్కా రాత్రే ఓనరుకు తిరిగి ఇచ్చేశాడు. టైలరు కుర్చీలో కదిలాడు. జారుకుంటాడేమో అనుకున్నారు. జారుకోలేదు.

"నా దగ్గర మిగులు గుడ్డలు బోలెడున్నాయి" అన్నాడు భార్యతో, బల్ల వైపు చూస్తూ. "ఆ పిల్లలకు చిన్న దుప్పట్లు కుట్టి ఇస్తాను."

"కుట్టొద్దండీ. మనం కుట్టి ఇస్తే వాడు ఉతకడం మళ్ళీ మానేస్తాడు. అది వాడు చేయాల్సిన పని, మన దానం కాదు."

ఆయన తలూపాడు. "నిన్న పొద్దున్నే ఆ మిషను ఆపి ఉండాల్సింది" అన్నాడు. ఆమె తన బిస్కెట్టు విరిచి సగం ఆయన గ్లాసు పక్కన పెట్టింది.

అత్త టీ పోస్తూ కోడలి దగ్గర ఆగింది. "అమ్మాయ్, ఆ కర్టెను పిల్ల ఎలా ఉంది?"

"దద్దుర్లు ఇక తగ్గుతాయంది నర్సు. కర్టెను ఇంటికి పంపేసింది వాళ్ళమ్మ."

"నిన్ను తిట్టిందది. నా ముందే. తప్పు నాదని మాత్రం చెప్పలేకపోయాను." అత్త కళ్ళు నిండాయి. టీ గ్లాసు అంచు దాటి బల్ల మీదికి ఒలికిపోతోంది. "ఆ మాట నీ నోట పెట్టింది నేనే. తిట్లు మాత్రం నువ్వు తిన్నావు."

కోడలు లేచి, ఆవిడ చేతిలోంచి గిన్నె తీసుకుని బల్ల మీద పెట్టింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. టీలు చల్లారిపోతున్నాయి. ఎవరూ తొందరపెట్టలేదు.