తెగిపోయిన అంగుళం

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి ఆ ఇంటి ముందుగదిలో మూడు కుట్టుమిషన్లూ మోగుతుండాలి. ఆ రోజు ఒక్కటీ కదల్లేదు. హోటల్ వాళ్లు తమ సిబ్బందికని కుట్టించుకుని, ముందురోజు వెనక్కి పంపిన ఇరవై యూనిఫాం కోట్లు కటింగ్ బల్ల మీద కుప్పగా పడి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి ఎవరికీ పట్టలేదట. భుజాలు, ఛాతీ, చేతులు, అన్నీ సరిగ్గా అంగుళం తక్కువ.

ఎందుకు తక్కువో చిన్నోడికి తెలుసు.

నలభై రెండేళ్లొచ్చినా అతను అందరికీ చిన్నోడే. పిలుపు పోనీ, పనైనా పెరగాలి కదా! అక్క కొలతలు తీస్తుంది, అమ్మ కత్తిరిస్తుంది, చిన్నోడు గుండీలకు కాజాలు కుడతాడు. ఇరవై ఏళ్లుగా అవే కాజాలు. ఆ దుకాణంలో కత్తెర ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లది. "ఈ ఆర్డరు అయిపోతే కత్తెర ఒకరి చేతిలో పెట్టేస్తాను" అని అమ్మ అన్నప్పటి నుంచి అతను అక్క మీద మండిపోతూనే ఉన్నాడు. అన్నప్పుడు అమ్మ చూసింది అక్క వైపు మరి.

ఆ ఇంటి టేపుకి మొదటి అంగుళం లేదు. ఎప్పుడో తెగిపోయింది. కొత్తది కొనమంటే అమ్మ వినదు. వచ్చిన అంకెలోంచి ఒకటి తీసేసి రాసుకోవడం అందరికీ అలవాటైపోయింది. చిన్నోడు చేసిందల్లా ఒక్కటే. కొలతలకు వెళ్లే రోజు అక్క సంచిలో కొత్త టేపు, పాతదానిలా కనిపించేలా నలిపి, మాపి పెట్టాడు. సాయంత్రం మళ్లీ పాతది పెట్టేశాడు. తెగని టేపు మీద కూడా అలవాటుగా ఒకటి తీసేస్తే ప్రతి కొలతా అంగుళం తగ్గిపోతుంది.

"చూశావా అమ్మా?" అన్నాడు గొంతు పెంచి. "ఇరవై మందికి కొలతలు తీయడం కూడా రాని మనిషికా కత్తెర ఇద్దామనుకున్నావు?"

అక్క తల వంచుకుంది. "తప్పు నాదే. పాడైన గుడ్డ ఖర్చు నేనే పెట్టుకుంటాను, సరేనా?"

"డబ్బు సంగతి కాదు! పోయిన పరువు తెస్తావా?"

ఆ మాట నోటినుంచి ఎంత సులువుగా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది.

అమ్మ లేచింది. కత్తెరని చీర కొంగుతో తుడిచి అతని ముందు పెట్టింది.

"తీసుకో నాయనా. అక్కనేం అనకు. ఆ రోజు నువ్వు బజారుకెళ్లాక అక్కకి జ్వరమొచ్చింది. దాని సంచి పట్టుకుని కొలతలకి వెళ్లింది నేను. నా పరువు పోకూడదని అది నింద నెత్తినేసుకుంది."

చిన్నోడు అక్క వైపు తిరిగాడు.

"నిన్నటి నుంచి వేళ్లు కళ్ల ముందు పెట్టుకుని, కనిపిస్తున్నాయో లేదో చూసుకుంటున్నానురా," అంది అమ్మ. "నలభై ఏళ్లలో ఒక్క కొలత తప్పలేదు. ఇరవై తప్పానంటే కళ్లు పోయినట్టే. ఇక నేను గుడ్డ ముట్టుకోను."

ఇరవై ఏళ్లు ఎదురుచూసిన కత్తెర చేతికి అందేంత దూరంలో ఉంది. చిన్నోడు దాన్ని ముట్టుకోలేకపోయాడు. లోపలికి వెళ్లి, పెట్టె అడుగున దాచిన కొత్త టేపు తెచ్చి బల్ల మీద పడేశాడు.

"నీ కళ్లకేం కాలేదమ్మా. నేనే... అక్క సంచిలో..."

అంతకంటే చెప్పలేక ఏడ్చేశాడు.

అక్క చెయ్యెత్తింది కొట్టడానికి. అమ్మని చూసి ఆగిపోయింది. అమ్మ కొత్త టేపు కొస పట్టుకుని, మొదటి అంగుళాన్ని వేలితో మళ్లీ మళ్లీ తడుముతోంది. "అయితే నా కళ్లు బాగానే ఉన్నాయన్నమాట," అంది. తిట్టలేదు. ఆ ముఖంలో వచ్చిన ఊరట చూస్తుంటే చెంపదెబ్బే నయమనిపించింది అతనికి.

అమ్మ కత్తెర తీసి సొరుగులో పెట్టి తాళం వేసింది.

"ఇప్పుడిది ఎవరికీ లేదు. పద, హోటల్‌కి. ఎందుకు తప్పిందో వాళ్లకి నువ్వే చెప్పు. మళ్లీ కొలతలు తియ్యి, నేను పక్కనుంటాను."

అతను పాత టేపు అందుకోబోయాడు. అక్క దాన్ని చుట్టి అతని జేబులో కుక్కింది. ఆమె కోపం ఇంకా పోలేదు, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"ఒకటి తీసేసి రాయి," అంది. "మర్చిపోయావంటే చంపేస్తా."