ఇరవైమూడో ఈల

మా విడిది గుమ్మం పక్కన ఒక చెక్క బోర్డు ఉంది. "పిట్టను మూడుసార్లకు మించి పిలవరాదు. గుడ్ల కాలంలో అసలే పిలవరాదు." ఆ అక్షరాలు నావే. రంగుడబ్బా పట్టుకుని, నిచ్చెనెక్కి మరీ రాశాను. ఇప్పుడు ఆ గుమ్మం దాటేటప్పుడు తల దించుకుని పోతున్నాను.

అడవి అంచున పదకొండు కుటుంబాలు కలిసి నడుపుకునే విడిది మాది. అంతకుముందు మావాళ్లు కట్టెలు కొట్టేవాళ్లు, ఉచ్చులు పెట్టి పిట్టల్ని పట్టేవాళ్లు. అడవి చూడటానికి జనం రావడం మొదలయ్యాక, పిట్ట బతికితేనే మా పొయ్యి వెలుగుతుందని తెలిసి ఉచ్చులన్నీ ఆ పొయ్యిలోనే పెట్టేశారు. వచ్చేవాళ్లలో సగం మంది బూడిదపిట్ట కోసమే వచ్చేవారు. గడ్డిలో, నేల మీదే గూడు పెడుతుంది. గుడ్ల మీద కూర్చుంటే మన కాలు పక్కన పడినా కదలదు. మగపిట్ట అదేపనిగా పిలిస్తే మాత్రం లేస్తుంది.

ఆ మగపిట్ట ఈలను అచ్చంగా దింపేసేవాడు మా బాబాయి. ఒకప్పుడు వేటగాడు, తర్వాత అడవి చూపించే మాలాంటి వాళ్లందరికీ గురువు. ముందు పన్ను ఊడిపోవడంతో, ఈలకు ముందు ఊపిరి పీల్చుకుంటే 'స్స్' అని చిన్న చప్పుడయ్యేది. సాయంత్రాలు వాకిట్లో కూర్చుని, వచ్చినవాళ్ల సరదా కోసం మూడంటే మూడే ఈలలు వేసేవాడు. ఇక్కడి నుంచి గూళ్లకు వినపడదని ఆయన ధీమా. "నాలుగోది వేస్తే పిట్ట పెళ్లాం వచ్చి మీ పిన్నితో తగువుకి దిగుతుందే" అని నన్ను నవ్వించేవాడు. ఆ ఈలను నేను ఫోన్లో రికార్డు చేసుకున్నాను.

రెండేళ్ల కిందట, గుడ్ల కాలంలో, పెద్ద కెమెరాతో ఒకాయన వచ్చి మూడు రోజులున్నాడు. పిట్ట కనబడలేదు. వెళ్లే రోజు పొద్దున ముఖం మాడ్చుకుని, "ఇక్కడ ఏమీ లేదని రాస్తాను" అన్నాడు. ఆయనలా రాస్తే ఇక ఎవరొస్తారు? చిన్న స్పీకరు పొదలో పెట్టి ఫోను నొక్కాను. మూడుసార్లు. పదిసార్లు. ఇరవైమూడోసారికి ఆడపిట్ట గూడు వదిలి లేచింది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. పిలిచినవాడి కోసం ఆ పిట్ట పొదలన్నీ వెతుక్కుంటూ చాలాసేపు తిరిగింది.

మర్నాడు బాబాయి అడవిలోంచి వచ్చి అరచేయి చాపాడు. రెండు గుడ్లు. చల్లగా ఉన్నాయి.

"ఎవరే పిలిచింది?"

"ఎవరూ పిలవలేదు, బాబాయ్."

ఆయన గుడ్ల మీద వేళ్లు ముడిచి, "అయితే నా ఈలే అక్కడిదాకా పోయుంటుంది" అన్నాడు. నేను ఆయన్ని అలాగే నమ్మనిచ్చాను. ఆయన మళ్లీ ఈల వేయలేదు. పిట్టలు కూడా ఆ గడ్డి వదిలిపోయాయి. మావాళ్లు ఆయన ముందు ఏమీ అనలేదు కానీ, వెనక "వేట బుద్ధి ఎక్కడికి పోతుంది" అన్నారు. ఆ వానల్లో జ్వరంతో పోయాడు. "పిట్టల్ని నేనే వెళ్లగొట్టానే" అని పిన్నితో అంటూ పోయాడు. నేను పక్కనే ఉండి తడిగుడ్డ పిండుతున్నాను. అప్పుడైనా చెప్పలేదు.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా సిగ్గుచేటు. పిట్ట లేకపోయినా కనీసం కూతైనా వినిపించాలని, పొదలో స్పీకరు దాచి, పోయినవాడి ఈలనే వచ్చినవాళ్లకు వినిపిస్తూ వచ్చాను.

మొన్న పొద్దున బాగా మంచు పట్టింది. పదడుగుల అవతల చెట్టు కూడా కనబడలేదు. భార్యాభర్తలు ఇద్దరిని తీసుకెళ్లి, పిట్టలు చూసే చెక్క గదిలో కూర్చోబెట్టాను. తడి ఆకుల వాసన. చూరు నుంచి నీటిబొట్లు పడుతున్న చప్పుడు. జేబులో చేయి పెట్టి ఫోను నొక్కాను. ఒక ఈల. రెండు. మూడు. ఆపేశాను.

నాలుగోది వినబడింది.

ఫోను తీసి చూశాను. తెర నల్లగా ఉంది. ఛార్జింగ్ అయిపోయింది.

"అబ్బ, ఎంత బాగుంది!" అని ఆవిడ గుసగుసగా అంది.

అయిదు... ఆరు... స్పీకరు ఉన్న పొద ఎడమవైపు. ఈల కుడివైపు నుంచి వస్తోంది. ప్రతి ఈలకూ ముందు... 'స్స్'. అది రికార్డులో లేదు. ఆ ముక్క నేనే కోసేశాను.

పన్నెండు... పదమూడు... దగ్గరికొస్తోంది. గడ్డి మీద అడుగుల చప్పుడు లేదు. బాబాయి కాల్చే పొగాకు వాసన మాత్రం వచ్చింది. ఇరవై ఒకటి గదిలో మోగింది. ఇరవైరెండు నా వీపు వెనక. ఇరవైమూడు...

చెవి పక్కన, చల్లగా, "ఎవరే పిలిచింది?"

ఆ ఇద్దరూ మంచులోకే చూస్తూ నవ్వుతున్నారు.

వాళ్లను విడిదికి పంపి, స్పీకరు కోసం పొద దగ్గరికి పరిగెత్తాను. స్పీకరు లేదు. దాన్ని పెట్టినచోట గడ్డి గుండ్రంగా నలిగి ఉంది. మధ్యలో రెండు గుడ్లు. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు.

రెండు చేతులూ కప్పి అక్కడే కూర్చున్నాను. వదిలేస్తే చల్లబడిపోతాయి... అదొక్కటే తెలుసు. అప్పుడు ఈల మళ్లీ మొదలైంది. విడిది వైపు నుంచి. నన్నే పిలుస్తోంది. లేవకూడదనుకున్నాను. ఒట్టు, పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఎన్నో పిలుపుకి లేచానో మీకు చెప్పక్కర్లేదు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగితే పొద కింద ఖాళీ గడ్డి.

వంటగదిలో పిన్ని నా చేతులు పట్టుకుని ఉలిక్కిపడింది. "ఇదేంటే, రాళ్లలా ఇంత చల్లగా ఉన్నాయి?" తర్వాత గొంతు తగ్గించి అడిగింది, "పొద్దున మీ బాబాయి ఈల విన్నానే. నా చెవుల భ్రమా? ఎవరే పిలిచింది?"

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పిన్ని కళ్లలోకి చూశాను. రెండేళ్లుగా మొగుడి తప్పును తన తప్పులా మోస్తున్న మనిషి. చెబుదామనే నోరు తెరిచాను.

"ఎవరూ పిలవలేదు, పిన్నీ."

కిటికీ అవతల ఎవరో ఊపిరి పీల్చుకున్నారు... 'స్స్'.