ఆకలిగడ్డి

వారం రోజులుగా, తాతముత్తాతలు వదిలొచ్చిన మేయో జిల్లా వానలో తిరిగి తిరిగి డెలియా కాళ్ళు అరిగిపోయాయి. చూడని శ్మశానం లేదు, అడగని ఫాదర్ లేడు. బోస్టన్‌లో కన్నుమూసే ముందు అమ్మ ఒక్కటే కోరింది. "ముత్తాతల నాటి కరువులో మనవాళ్ళు ఊరొదిలి ఓడెక్కేటప్పుడు జబ్బుపడ్డ పిల్లని ఇంట్లోనే వదిలేశారే. బ్రిడ్జెట్. ఎవరైనా వెళ్ళి తీసుకురండి." ఎప్పుడో పోయిన పిల్లని ఇప్పుడు తీసుకురావడమేమిటని డెలియా వాదించలేదు. మాటిచ్చింది. ఇచ్చిన పాపానికి తిరుగుతోంది.

వాళ్ళు వదిలెళ్ళిన గుడిసెల మొండిగోడలు తన గొర్రెల పొలం పైనున్న గుట్ట మీదే ఉన్నాయని చివరికి మార్టిన్ గ్రీలీ అనే ముసలి రైతు చెప్పాడు. గేటు దగ్గర ఆమె చేతిలో రొట్టెముక్క పెట్టాడు.

"జేబులో వేసుకో తల్లీ. పైన ఆకలిగడ్డి ఉంది. తిండిలేక పోయినవాళ్ళ మీద మొలిచిన గడ్డి. తొక్కితే ఆకలి ప్రాణం తోడేస్తుంది."

"ఇందాకే గుడ్లు, సాసేజీలు మెక్కి వచ్చాను పెద్దాయనా."

"మా బావా అలాగే అన్నాడు. మోసుకొచ్చాం. సగం తిని, మిగతాది అక్కడే గోడమీద పెట్టి రా. వెంట మాత్రం తేకు."

పైకెళ్ళేసరికి చీకటి పడబోతోంది. గాలి లేదు. తడిసిన ఉన్ని వాసన, దాని వెనకే పొయ్యి పొగ వాసన. ఎక్కడిదా అని చూసింది. ఏ ఇంటికీ కప్పే లేదు.

చివరి ఇంటి గడప దాటింది.

ఆకలి... మామూలు ఆకలి కాదు. సగం రొట్టె నోట్లో కుక్కుకుంది. గోడ అవతల ఎవరో నములుతున్నారు. ఆమె ఆపితే ఆ చప్పుడూ ఆగింది. ఆమె నమిలితే...

"బ్రిడ్జెట్?" అంది గుసగుసగా.

గేటు దాకా ఎలా దిగి వచ్చిందో ఆమెకే తెలియదు.

"గోడమీద పెట్టావా?" అన్నాడు మార్టిన్.

డెలియా జేబు తడుముకుంది. ముక్క అక్కడే ఉంది. వాళ్ళింట్లో చివరి ముక్క ఎవరూ తినరు, జేబులో దాచుకుంటారు. 'పాప కోసం' అనేది అమ్మ. ఏ పాపో ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. చెయ్యి తన అలవాటు తాను చూసుకుంది.

"వెనక్కి తీసుకెళ్ళు. రొట్టె ఎటు పోతే పైనున్న ఆకలి అటే వస్తుంది," అన్నాడాయన మెల్లగా.

"నా వల్ల కాదు. అలిసిపోయాను. అయినా ఆ పిల్లకోసమేగా వచ్చాను."

అద్దె కారు వెనక తలుపు తెరిచి పట్టుకుంది. "ఎక్కమ్మా. ఇంటికెళ్దాం."

కారు వెనకభాగం కొంచెం కుంగింది. చిన్నపిల్ల ఎక్కినంత. డెలియా గుండె తేలికపడింది. అమ్మకిచ్చిన మాట తీరింది. తలుపు వెయ్యబోయింది.

"ఇంకా వెయ్యకు," అన్నాడు మార్టిన్. శవయాత్ర ఎదురైతే తీసినట్టు టోపీ తీసి గుండెలకి ఆనించుకున్నాడు.

కారు మళ్ళీ కుంగింది. మళ్ళీ... ఇంకోసారి...

తలుపు పట్టుకునే డెలియా నిలబడిపోయింది. మార్టిన్ టోపీ పెట్టుకోలేదు. ఆయన చూపు ఇంకా గుట్ట మీదే ఉంది.