లక్క పోసిన గ్లాసులు

నలభై ఒకటో వస్తువు తాళంకప్ప. నాగరత్న దాన్ని జ్ఞాపకాల బలం తేల్చే స్మృతిపీట మీద పెట్టింది. పీటకున్న కొలకన్ను దాని చుట్టూ తిరిగి వచ్చింది. తెచ్చినాయన చెప్పిన కథంతా విని, జ్ఞాపకం బలంగా లేదని పీట తేల్చింది. నాగరత్న ఎర్ర ముద్ర కొట్టింది. తాళంకప్ప కరుగుబావిలోకి జారిపోయింది. ఆయన ఖాళీ చేతులతో వెళ్ళిపోయాడు. బలమైన జ్ఞాపకం లేని ఇంటి లోహాన్నంతా కరిగించాలన్న లోహపొదుపు శాసనం వచ్చి మూడేళ్ళయింది, ఇప్పుడెవరూ ఎదురు చెప్పడం లేదు.

తర్వాత వచ్చిన సుంకమ్మ డెబ్బై దాటిన మనిషి. కొంగు ముడి విప్పి రెండు స్టీలు గ్లాసులు బయటికి తీసింది.

"ఇది మా నాయనది, ఇది మాయమ్మది. పచ్చ ముద్ర కొట్టు పాపా, ఎత్తుకపోతా."

"వీటి కథ చెప్పాల గదవ్వా. పీట వింటాంది."

"నీకు చెప్తా. దానికేం చెప్పేది? దానికి అమ్మా నాయనా ఉండారా?"

పక్క బల్ల మీది పెద్ద ఉద్యోగి ఓబుళపతి కిసుక్కున నవ్వాడు.

నీళ్ళు దొరకని ఆ దప్పికేళ్ళలో సుంకమ్మకు తొమ్మిదేళ్ళు. ఆమె తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు. సర్కారు పంపకశాల పూటకు మనిషికో గ్లాసు నీళ్ళు పోసేది. వాటిని బిందెలో ఇంటికి తెచ్చి, అమ్మ ఇంటి గ్లాసులతో పంచేది. ఐదు గ్లాసులూ ఎప్పుడూ నిండేవి కావు. ఒకరోజు నాయన కొడవలి పిడిలోని లక్క కరిగించి తన గ్లాసు అడుగున పోసుకున్నాడు. తక్కువ నీళ్ళు పోసినా గ్లాసు నిండుగానే కనిపిస్తుంది. బిందెలో మిగిలింది పిల్లలకు. అమ్మ అది చూసింది, అడగలేదు. మర్నాడు తన గ్లాసులోనూ పోసుకుంది, ఆయనకంటే వేలి మందం ఎక్కువగా.

"మూడో ఏడు నాయన దప్పికతోనే పాయె. అమ్మ గ్లాసులో ఏముందో ఆయప్పకి తెలీనే తెలీదు. ఇదో సూడు, లక్క ఆరకముందు అదిమిన బొటనేళ్ళు."

నాగరత్న చూసింది. ఒక ముద్ర వెడల్పుగా ఉంది, ఇంకోటి సన్నగా.

కొలకన్ను గ్లాసుల్లోకి దిగి పైకి వచ్చింది. పీట పలికింది. "రెండు వందల మిల్లీలీటర్లు పట్టాల్సిన పాత్రలు. ఒకటి నూట నలభై, రెండోది నూట పది. తప్పుడు కొలత. వాడినవారి పేర్లు చెప్పండి, మోసగాళ్ళ పట్టీలో చేరతాయి. లక్క గీకి మూలరూపానికి తెస్తే పచ్చ ముద్రకు అర్హత."

"గీకెయ్ పాపా, రెండు నిమిషాల పని. అవ్వ గ్లాసులు అవ్వకొస్తాయి," అన్నాడు ఓబుళపతి.

"గీకితే ఏం మిగుల్తాదప్పా? స్టీలా? అది అంగట్లో దొరకదా?" సుంకమ్మ గ్లాసులకు చెయ్యి అడ్డం పెట్టింది. "బిడ్డలకని నోరు కట్టుకున్నోళ్ళు మోసగాళ్ళా? మాకు పోసిన గ్లాసును ఎవురన్నా ఎప్పుడన్నా కొల్చిండారా?"

ఉలి అందుకోబోయిన నాగరత్న చెయ్యి ఆగిపోయింది.

ఆఫీసు వాకిట్లోని అద్దాల పెట్టెలో పంపకశాల గ్లాసు ఉంది. 'దప్పికేళ్ళలో జనాన్ని బతికించిన గ్లాసు' అని దాని కింద పలక. రోజూ పొద్దున్నే దాన్ని తుడిచేది నాగరత్నే. తుడిచినప్పుడల్లా లోపల అడుగు పైకి ఉబికినట్టు వేళ్ళకు తగిలేది. ఎప్పుడో కింద పడి ఉంటుందిలే అనుకునేది. మూడేళ్ళు అలాగే అనుకుంది.

లేచి వెళ్ళి, పెట్టె తెరిచి, గ్లాసు తెచ్చింది.

"ఏయ్, అది సర్కారుది! దాన్ని కొలవకూడదు!" అని అరిచాడు ఓబుళపతి.

"ఎందుకు కొలవకూడదన్నా?"

ఆమె గ్లాసును పీట మీద పెట్టింది. కొలకన్ను ఎప్పటిలాగే, ఎవరిదని అడక్కుండా లోపలికి దిగింది.

"రెండు వందలకు నూట అరవై. తప్పుడు కొలత. అడుగున సుత్తి దెబ్బలు తొమ్మిది. వాడినవారి పేరు చెప్పండి."

వరుసలో నిలబడ్డ జనం మెడలు చాచి చూశారు. పట్టీలో ఒకసారి ఎక్కిన పేరును తుడిచే వీలు ఎవరికీ లేదు. ఆ సంగతి ఓబుళపతికి తెలుసు. "వద్దు పాపా, నీ ఉద్యోగం పోతాది," అన్నాడు మెల్లగా.

నాగరత్న పచ్చ ముద్ర తీసుకుని, లక్కకు తగలకుండా రెండు గ్లాసుల అంచు మీదా కొట్టింది. వాటిని సుంకమ్మ కొంగులో పెట్టి తనే ముడివేసింది. అప్పుడు పీట వైపు తిరిగి, అది అడిగిన పేరును వరుసలో చివర నిలబడ్డ మనిషికి కూడా వినపడేలా చెప్పింది.

"పంపకశాల."