పదకొండు అట్టపెట్టెలు

ఆదివారం మధ్యాహ్నం పన్నెండయింది. సాయంత్రం ఆరింటికి లారీ వస్తుంది. మా అన్న చంద్రమౌళి ఇంట్లో గిన్నెలు ఇంకా గూట్లోనే ఉన్నాయి. టేపు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కత్తెర పొద్దున్నుంచి మూడుసార్లు పోయింది, రెండుసార్లే దొరికింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళు ఎప్పుడూ ఇల్లు మారినట్టు లేరు. మారి ఉంటే ఆ రెండూ వదిలేసి ఇదొక్కటే చెప్పేవారు.

నేను కళావతిని. ఈ ఇంటి ఆడబిడ్డను. సౌమ్యకు, వినయ్‌కు మేనత్తను. సర్దడానికి సాయం చేద్దామని పొద్దున్నే స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కి వరంగల్ వచ్చాను. వచ్చినప్పటి నుంచి సర్దింది తక్కువ, వెతికింది ఎక్కువ.

వీళ్ళు వెళ్ళేది బాపట్ల దగ్గర, సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరికి. కారణం వినయ్. వాడికి ఏడేళ్ళు. వాడికి ఆస్తమా ఉంది. మిర్చి సీజన్ వచ్చిందంటే మా వీధిలో పొద్దంతా మిర్చి బస్తాల లారీలు తిరుగుతాయి. దానికితోడు ఇంటికి నాలుగడుగుల దూరంలోనే ఎల్లస్వామి తాత కారం గిర్ని. ఎండు మిరపకాయలు అక్కడే పట్టి, పాకెట్లు కట్టి అమ్ముతాడు. ఆ నాలుగు నెలలూ వినయ్ ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తూనే ఉంటాయి. పడుకుంటే ఊపిరాడదు. కూర్చుని, వాళ్ళమ్మ భుజం మీద తల పెట్టి నిద్రపోతాడు.

దుమ్ముకు దూరంగా ఉంచితే పిల్లవాడికి మంచిదని డాక్టర్ చెప్పాడు. అన్న ఏడాదంతా తిరిగి ఆ ఊరు చూసుకున్నాడు. అక్కడ స్టీలు సామాన్ల చిన్న దుకాణం, సముద్రం గాలి వచ్చే ఇల్లు, నడిచి వెళ్ళేంత దగ్గరలో బడి. బేరం ఇక్కడంత ఉండదు, కానీ నా కొడుకు పడుకుని నిద్రపోతాడు అన్నాడు.

ఇక వీధిలో వాళ్ళ సలహాలు మొదలయ్యాయి. అక్కడ ఉక్కపోత అని ఒకరు, తుఫాన్లు వస్తాయని ఒకరు. ఉప్పుగాలికి స్టీలు గిన్నెలు కూడా తుప్పు పడతాయని ఇంకొకరు. జవాబు చెప్పీ చెప్పీ అన్న గొంతు బొంగురుపోయింది. చివరికి ఎవరేమన్నా తలూపి ఊరుకునేవాడు.

అందరికంటే ఎక్కువ చిరాకు సౌమ్యకు. దానికి పదకొండేళ్ళు. ఈ ఏడే బడి ఖో-ఖో టీంలోకి తీసుకున్నారు. ఆ రోజు పన్నెండున్నరకు దాని స్నేహితులు ఆఖరి ఆట పెట్టుకున్నారు. ఇక్కడ మాత్రం దానికి పని మీద పని.

"పోయేది వాని కోసం. మోసేది నేనా?" అంటూ ప్లాస్టిక్ బకెట్‌ను ఒక్క తన్ను తన్నింది. వాళ్ళమ్మ రమ వినీ విననట్టు ఊరుకుంది. రమకు అప్పటికే ఓపిక అయిపోయింది.

సరిగ్గా అప్పుడే అట్టపెట్టెలు తక్కువ పడ్డాయి. వినయ్ సామాను సర్దడానికి ఒక్కటీ మిగల్లేదు. నేను సౌమ్యను పిలిచి ఎక్కడికి వెళ్ళాలో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను.

"చౌరస్తా అవతల ఓంప్రకాశ్ మామ నోటుబుక్కుల దుకాణం ఉన్నది గదా. సగం షట్టర్ తీసి ఉంచుతనన్నడు. డబ్బలు ఆడ్నుంచే తేవాలె. వినయ్‌గాని బట్టలకు, జర సాఫ్‌గా ఉండాలె బిడ్డా."

సరే అని వెళ్ళింది. పది నిమిషాలు కాకముందే పదకొండు అట్టపెట్టెలు తెచ్చి పడేసి, ఆటకు పరుగెత్తింది.

చౌరస్తా దాటి వెళ్ళి రావడానికి అరగంట పడుతుంది. నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. అప్పుడే టేపు దొరికింది, ఆ సంతోషంలో ఉన్నాను. వినయ్ బట్టలు, దుప్పట్లు, దిండు, బొమ్మలు అన్నీ వాటిలో పెట్టి టేపు వేసేశాను.

వాసన రాలేదా అని మీరు అడుగుతారు. మా వీధిలో పుట్టిన ముక్కుకు కారం వాసన ఒక వాసనే కాదు. నాకు పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా నా ముక్కు ఇంకా ఈ వీధిదే.

రెండింటికి వినయ్ కిందికి దిగాడు. సర్దేటప్పుడు దుమ్ము లేస్తుందని వాణ్ణి పొద్దున్నుంచి మేడమీద ఉండేవాళ్ళ దగ్గర కూర్చోబెట్టాం. వాడికి నిద్ర వస్తోంది. తన దిండు కావాలన్నాడు. ఆగు, నేను తీస్తానని చెప్పేలోపే టేపు లాగేసి, అట్టపెట్టెలో తల దూర్చి దిండును ముఖానికి హత్తుకున్నాడు.

ముందు తుమ్ము. తర్వాత దగ్గు. ఆ తర్వాత దగ్గడానికి కూడా ఊపిరి అందలేదు. పక్కటెముకలు లోపలికి పోతున్నాయి, కళ్ళు పెద్దవవుతున్నాయి. రమ ఇన్‌హేలర్ నోటికి పెట్టి, వీపు నిమురుతూ లెక్కపెట్టసాగింది. ఆట ముగించుకుని అప్పుడే వచ్చిన సౌమ్య గడపలోనే ఆగిపోయింది.

పావుగంటకు వాడి ఊపిరి దారిలో పడింది. అప్పుడు పోయింది అన్న ఓపిక. ఏడాదిగా దాచుకున్న కోపమంతా మూటగట్టుకుని గిర్ని దగ్గరికి వెళ్ళాడు. నేనూ సౌమ్యా వెనకాలే పరుగెత్తాం. ఎల్లస్వామి తాత అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఒక్కరోజు, కాకా. ఒక్కరోజు గిర్ని బంద్ పెట్టమని నిన్న చేతులు పట్టుకొని అడిగిన. మేం పోయేదాక ఆగలేకపోయినవా? నా కొడుక్కు ఊపిరాడ్తలేదు."

తాత నెమ్మదిగా లేచాడు. పొద్దున్నుంచి గిర్ని తాళమే తీయలేదని, కావాలంటే వచ్చి మోటారు ముట్టి చూసుకొమ్మని అన్నాడు. అన్న వినే స్థితిలో లేడు. నీకు మనిషి ప్రాణం కంటే గిరాకీ ఎక్కువైందన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు. అవి ఇక్కడ రాయను. వీధిలో నలుగురు పోగయ్యారు. డెబ్బై ఏళ్ళ మనిషి పేపరు మడత పెట్టుకుని తలవంచుకుని నిలబడ్డాడు.

సౌమ్య తేలు కుట్టిన దొంగలా నా వెనక నిలుచుంది. కన్ను నలుపుకుంది. ఆ కన్ను భగ్గున మండి నీళ్ళు కారాయి. తన వేళ్ళ వంక చూసుకుంది. అరుగు మీద, తాత వెనకాల, కారం పాకెట్లు కట్టి పంపే అట్టపెట్టెల దొంతర ఉంది. పైన కొన్ని తీసేసినట్టు దొంతర ఒక పక్కకు ఒరిగి ఉంది. అప్పుడు నాకూ అర్థమైంది.

అప్పుడు ఏమనుకుందో అది తర్వాత నాకు చెప్పింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు అనుకుందట. మూడున్నర గంటలు గడిస్తే లారీ వచ్చేస్తుంది. తాత ఇక్కడే ఉంటాడు, తాము వెళ్ళిపోతారు. కానీ ఆ అట్టపెట్టెలు కూడా లారీ ఎక్కుతాయి. కొత్త ఇంట్లో అమ్మ ఆ దుప్పట్లే తీసి పక్క వేస్తుంది. వినయ్ ఆ పక్క మీదే పడుకుంటాడు.

సౌమ్య నా వెనక నుంచి బయటికి వచ్చింది.

"తాతను అనకు డాడీ. డబ్బలు నేను ఈడ్నుంచే తీస్కపోయిన. తాతను అడగలే. వినయ్‌వన్నీ వాట్లనే ఉన్నయ్."

అన్న దాన్ని చూశాడు, దొంతరను చూశాడు, తాతను చూశాడు. కొడతాడేమోనని నేను ముందుకు జరిగాను. కొట్టలేదు. అరుగు మీద కూలబడ్డాడు.

"మూడువందల కిలోమీటర్లు ఎందుకు పోతానం, సౌమ్యా? ఈ దుమ్ముకు దూరం పోదామనే గదా. ఆ దుమ్మునే డబ్బల పెట్టి, టేపు ఏసి, లారీ ఎక్కిస్తానం."

పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు అంటారు. మేం పదకొండు పిల్లులను సర్దుకున్నాం. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఓంప్రకాశ్ దుకాణానికి ఎందుకు పోలేదని అడిగాను. ఆటకు ఆలస్యమవుతుందని, ఏ డబ్బా అయినా డబ్బానే కదా అనుకున్నానని చెప్పింది. అది చెబుతున్నప్పుడు నా ముఖం చూడలేకపోయింది. కంటి నీళ్ళు కారం వల్లనో మరెందువల్లనో నేను అడగలేదు.

అన్న లేచి తాత రెండు చేతులూ పట్టుకున్నాడు. తప్పయిందన్నాడు.

"నలభై ఏండ్ల సంది కారం పడుతాన్న. ఇంత ఘాటు మాట ఎన్నడు వినలే, చంద్రమౌళీ," అన్నాడు తాత. అన్న తల ఎత్తలేదు. అప్పుడు తాతే అతని భుజం తట్టి, పని చూడమని లేపాడు.

గడియారంలో మూడయింది. పదకొండు అట్టపెట్టెలూ వీధిలోకి ఈడ్చి విప్పాం. వినయ్‌ను, రమను మళ్ళీ మేడమీదికి పంపి తలుపులు మూయించాం. బట్టలు నీళ్ళలో వేయబోతుంటే తాత వచ్చి నన్ను ఆపాడు. ముందు పొడిగా దులపాలట, తడిస్తే కారం బట్టకు అంటుకుపోతుందట. దులిపేముందు సౌమ్యను చేతులకు మంచినూనె రాసుకొమ్మన్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మన్నాడు. అప్పటిదాకా తిట్లు తిన్న మనిషి, అరుగు దిగి వచ్చి మాతోపాటు దుప్పట్లు దులిపాడు.

సౌమ్య వినయ్ చొక్కాలను ఒక్కొక్కటిగా దులిపింది. ఏనుగుబొమ్మ చెవుల సందులు కూడా వదల్లేదు. దూది దిండు మాత్రం బాగుపడదని తాత తేల్చేశాడు, దాన్ని అక్కడే వదిలేశాం. మిగతావన్నీ బకెట్లలో ముంచి, జాడించి డాబా మీద ఆరేశాం. వరంగల్ ఎండను ఏడాదికి మూడువందల రోజులు తిట్టుకుంటాం. ఆ రోజు మాత్రం గంటన్నరలో అన్నీ పెళపెళలాడేలా ఆరబెట్టింది.

బట్టలు ఆరేలోగా సౌమ్య కనిపించలేదు. మళ్ళీ ఆటకు పోయిందేమోనని నాకు ఒళ్ళు మండింది. అంతలో వీధి మలుపులో దాని తల మీద మడతపెట్టిన అట్టపెట్టెల కట్ట కనిపించింది. ముఖం ఎర్రగా కందిపోయింది. ఓంప్రకాశ్ మామ దుకాణం నుంచి ఆరు తెచ్చింది. అవి దించి, మంచినీళ్ళు తాగి, మిగతా ఐదు కోసం మళ్ళీ వెళ్ళింది. ఎవరూ వెళ్ళమనలేదు.

ఐదున్నరకు సర్దడం మొదలుపెట్టాను. ఒక అట్టపెట్టె విప్పి అడుగున టేపు వేసి, చొక్కాల దొంతర అందుకున్నాను.

"ఆగత్తా," అంది సౌమ్య.

అట్టపెట్టెలో భుజాల దాకా తల దూర్చింది. ఛాతీ నిండా గాలి పీల్చింది. అలాగే కాసేపు ఉంది. తుమ్ము వస్తుందేమోనని చూసుకుంటోందని నాకు అప్పుడు తట్టింది. తల బయటికి తీసి, ఇప్పుడు పెట్టమంది.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగోదానిలో సుద్దపొడి ఉన్నట్టుందని పక్కన పడేసింది. అక్కడేమీ లేదని నేను వాదించాను. ఆరు కావస్తోందని గుర్తుచేశాను. అది వినలేదు. చిరాకొచ్చి, ఇంత చాదస్తం ఎవరి పోలికే అని అడిగాను. అది అప్పటికే ఐదోదానిలో తల పెట్టింది.

లారీ వచ్చింది. డ్రైవర్ ఒకసారి హారన్ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. రాత్రికల్లా ఖమ్మం దాటాలని, ఇంకా ఎంతసేపని కేకలు పెట్టాడు. మధ్యాహ్నం తాత మీద గయ్యిమన్న మా అన్న ఇప్పుడు నా మీద పడతాడని భయపడుతూ గుమ్మం వైపు చూశాను.

అన్న గుమ్మంలో నిలబడి కూతురినే చూస్తున్నాడు. అది తొమ్మిదో అట్టపెట్టెలో తల దూర్చి గాలి పీలుస్తోంది.

అన్న వీధి వైపు తిరిగి, బొంగురు గొంతుతో డ్రైవర్‌కు చెప్పాడు.

"జర ఆగన్నా. మా బిడ్డ చూస్తాంది."