నల్ల బీరు, రెండు గ్లాసులు

"నాన్నా! రొట్టె మాడిపోతోంది!"

పక్క గదిలోంచి కూతురు కేకేస్తేగానీ పెద్దాయన ఉలిక్కిపడలేదు. పొగ అప్పటికే వంటగది కిటికీ దాకా పాకింది. ఆయన పొయ్యికి మూరెడు దూరంలోనే కూర్చుని, బయట కురుస్తున్న మంచును చూస్తున్నాడు. గబగబా పెనం దించి, "చూశాన్లేవే! కాస్త ఎర్రగా కాలనిద్దామని!" అన్నాడు.

"ఎర్రగానా? బొగ్గయింది. ఈ వారంలో ఇది మూడోది."

ఆయన భుజాల మీది పాత ఉన్ని శాలువా సర్దుకున్నాడు. అది ఆయన భార్యది.

ఆ ఇంటి కింది భాగమంతా బీరు కాచే చిన్న బ్రూవరీ. పీపాలూ గొట్టాలూ ఆయన చూసుకుంటే, బార్లీ గింజ వేపడం ఆమె వంతుగా ఉండేది. చలికాలం వచ్చిందంటే ఆమె స్టౌట్ కాచేది. డికాక్షన్‌లా నల్లగా, చిక్కగా ఉండే బీరు అది. ఏటా ఒక సీసా దాచి, మరుసటి చలికాలం కొత్తదాని పక్కన పెట్టి మొగుడూ పెళ్లాలు రుచి చూసేవాళ్లు. ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది. పాతదానికి తీసిపోకపోతేనే కొత్తది గుమ్మం దాటేది. అది ఆ ఇంటి కట్టుబాటు.

ఆమె పోయి మూడేళ్లు. గింజ వేపే గరిటె కూతురి చేతికొచ్చింది. రెండు చలికాలాలు ఆ పిల్ల స్టౌట్ కాచి, తల్లి మిగిల్చిన సీసాల్లో ఒక్కోటి దాని పక్కన పెట్టింది. రెండుసార్లూ ఆయన గుటక వేసి, "మీ అమ్మ చెయ్యి ఇంకా రాలేదమ్మా" అన్నాడు. రెండుసార్లూ పీపాలకు పీపాలు కాలవపాలయ్యాయి.

ఆయన చెప్పని మాట ఒకటుంది. భార్య పోయిన కొద్ది నెలలకే పట్టుకున్న జ్వరం, పోతూ పోతూ ఆయన వాసన పట్టే శక్తిని వెంట తీసుకుపోయింది. తీపి, పులుపు, చేదు మాత్రం నాలుక మీద మిగిలాయి. "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు వైద్యుడు. ఆ సంగతి ఎవరితో చెప్పుకుంటాడు? వాసన తెలియకుండా బీరు కాచేవాడూ, చూపు లేని కంసాలీ ఒకటే. "ఇంకా రాలేదు" అనేస్తే ఓ నిశ్చింత ఉంది. వద్దన్నదాన్ని మళ్లీ ఎవరూ రుచి చూడరు, తీర్పులో తప్పూ పట్టరు.

పక్కవీధి రొట్టెల బాబాయి రోజూలాగే వచ్చి సంచీ బల్ల మీద పెట్టాడు. ఇల్లంతా ఓసారి కలయజూశాడు.

"అన్నయ్యా, నేను కాల్చి ఇచ్చిన రొట్టెను నువ్వు మళ్లీ మాడ్చడమేమిటయ్యా? సరే, ఇవాళేగా మీ నల్లపిల్లకి, అదే ఆ నల్ల బీరుకి, పెళ్లిచూపులు? ఏటా చూపులే గానీ పెళ్లి జరగదేం?"

"నువ్వు పానకంలో పుడకలా మధ్యలో దూరకు. పో, నీ రొట్టెల బట్టీ చల్లారిపోతుంది."

బాబాయి నవ్వుకుంటూ వెళ్లాడు. కూతురు మాత్రం నవ్వలేదు.

"నాన్నా, ఇవాళ తాడో పేడో తేలిపోవాలి. వేరే ఊళ్లో పెద్ద బ్రూవరీ వాళ్లు రమ్మంటున్నారు. సాయంత్రంలోగా మాటివ్వాలి. ఇది కూడా నీకు నచ్చకపోతే నేను వెళ్తాను."

ఆయన బల్ల మీది సంచీ పక్కకు నెట్టాడు. ఆమె కూడా వెళ్లిపోతే ఆ ఇంట్లో మిగిలేది పీపాలూ తనూ. పోనీ బాగుందనేద్దామా? అది నిజంగా పాడైతే? ముప్పై ఏళ్ల పేరు, అదీ చనిపోయిన మనిషి పేరు.

కింద చల్లటి గదిలో చిన్న బల్ల మీద రెండు గ్లాసులు పెట్టి ఉన్నాయి. రెండింట్లోనూ నలుపే, రెండింటి మీదా గోధుమరంగు నురగే.

"నాన్నా, ముందు ఒక మాట..."

"ష్! గ్లాసు ముందు మాటలొద్దు. మీ అమ్మ పెట్టిన నియమం."

ఆయన ఎడమ గ్లాసు ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూశాడు. ఏమీ లేదు. మంచునీళ్ల గ్లాసైనా అంతే. వారం రోజులుగా భార్య నోటుపుస్తకంలోంచి బట్టీ పట్టిన మాటలు నెమ్మదిగా అప్పజెప్పాడు.

"ఆహా... వేపిన గింజ, వెనకాల కొంచెం బెల్లప్పాకం, చివర్లో పొయ్యి ఆరిన ఇంటి వాసన. ఇదమ్మా చెయ్యంటే." కుడి గ్లాసు ఒక గుటక వేసి దించాడు. "నీది... ఒట్టి డొల్ల."

కూతురు ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"అమ్మ సీసా పులిసిపోయింది, నాన్నా. పొద్దున మూత తియ్యగానే తెలిసింది. పారబోశాను. అదే చెప్పబోయాను. రెండింట్లోనూ ఉన్నది నాదే."

ఆయన ఒకసారి ఎడమ గ్లాసు వంక, ఒకసారి కుడి గ్లాసు వంక చూశాడు.

"రెండేళ్లు!" అంది ఆమె. "పీపాలు నా చేతుల్తో ఒంపాను. అమ్మంత దాన్ని కాలేకపోయానని ఒంపినప్పుడల్లా ఏడ్చాను. నువ్వు అసలు రుచే చూడలేదా? నా మీద అంత కసి ఎందుకు నాన్నా?"

"కసి కాదే, పిడుగూ." ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. "నాకు వాసన తెలీదు. ఆ జ్వరం దగ్గర్నుంచీ."

"అయితే... ఆ రొట్టెలు..."

"నువ్వు కేకేస్తేనే తెలిసేది."

"నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"ఏమని? మీ అమ్మ పోయింది, ఇప్పుడు నేనూ పనికిరానివాణ్ణయ్యానని చెప్పనా? నిన్ను ఏడిపించానమ్మా. తప్పే." శాలువా అంచు పట్టుకున్నాడు. "ఇందులో ఆవిడ వాసన ఉండేది. రోజూ మొహం ఆనించుకుని పడుకునేవాణ్ణి. ఓ పొద్దున లేచేసరికి లేదు. పోయింది శాలువాలోంచో, నాలోంచో కూడా తెలీలేదు. అడగడానికి ఎవరున్నారు?"

ఆమె కుర్చీ జరుపుకుని ఆయన పక్కకొచ్చింది. కుడి గ్లాసు తీసి తాగి, కళ్లు తుడుచుకుంది.

"చెప్తాను, విను. ముందు కాఫీ గింజలా ఉంది. తర్వాత ఎండిన ద్రాక్ష. చివర్లో కాస్త మసి ఎక్కువైంది. గింజ ఓ నిమిషం ముందే దించాల్సింది."

"మీ అమ్మకి మొదటి ఏడాదీ అంతే. 'మసి ఎక్కువైంది' అని పుస్తకంలో తనే రాసుకుంది." ఆయన తల పంకించాడు. "అయినా పంపించాం. పంపించు, తల్లీ."

"పంపిస్తే సరిపోదు. వచ్చే ఏడాది మళ్లీ వేపాలిగా. మంట నువ్వు చూడు, వాసన నేను చెప్తాను."

ఆయన తలూపాడు. సిగ్గుపడుతున్నట్టు శాలువా కొస ఆమె వైపు జరిపాడు.

"ఇంకా... ఉందా?"

ఆమె వంగి అందులో మొహం దాచుకుని, మెల్లగా గాలి పీల్చింది.

"వేపిన బార్లీ," అంది.

"అదే," అన్నాడు పెద్దాయన. "అదే మీ అమ్మ."