తువ్వాలు కింద ఒక వేలు

"ఎమ్మిగనూరు రోడ్డులో సీమోనును లారీతో గుద్దించారు," అన్నాడు చీఫ్. "నీ మిషన్ ఆదోనిలో."

ఏజెంట్ జోయల్ ఫైలు అందుకున్నాడు. సీమోను దగ్గరే అతడు పని నేర్చుకున్నాడు.

"విదేశీ ముఠా. పోర్చుగల్ తీరంలో విల్లాలు అమ్ముతోంది. కొన్ని నిజమైనవి, అవి ఎర. అక్కడి వ్యాపారి దేవేంద్రప్ప తన పత్తి జిన్నింగ్ మిల్లు తాకట్టు పెట్టి ఈరోజే డబ్బు పంపుతున్నాడు. వాళ్ల సేల్స్ మేనేజర్ లావణ్య మన డబుల్ ఏజెంట్. పత్తి దళారులు బేరమాడినట్టు తువ్వాలు కింద వేళ్లతో సంకేతమిస్తుంది. ఒక వేలైతే ఇల్లు నిజం, పిడికిలైతే మోసం. కాల్ నడుస్తుండగా నీ వాచీ వాళ్ల చోటు పట్టేస్తుంది."

"ఆమెను నమ్మవచ్చా?"

"సీమోను నమ్మాడు."

మిల్లు ఆఫీసులో పత్తి నూగు తేలుతోంది. దళారి వేషంలో, చేతిమీద తువ్వాలుతో జోయల్ కూర్చున్నాడు. ఎదురుగా లావణ్య. దేవేంద్రప్ప ఫోన్‌లో లైవ్ వీడియో: తెల్లని విల్లా, నీలి సముద్రం, రంగుల గొడుగు.

"మోచేతిదాకా చెయ్యి దూర్చకుండా పత్తి బోరెం సంచి కొనవు గదన్నా. ఇల్లు సూడకుండానే కొంటాండావే?" అన్నాడు జోయల్.

"ఎగతాళి సాలప్పా! లాయరు సూసినాడు."

"ఎవరి లాయరు?"

"వాళ్లే పెట్టినారు."

లావణ్య నల్ల కళ్లద్దాలు తీసి నవ్వింది. "మీ బేరం నాకూ నేర్పండి." ఆమె చెయ్యి తువ్వాలు కిందికి వచ్చింది. ఉంగరాల చల్లదనం. ఒక వేలు.

ఇల్లు నిజమే. డబ్బు పంపడానికి దేవేంద్రప్ప బొటనవేలు ఫోన్ మీదికి దిగుతోంది. అయినా జోయల్ చూపు తెర మీది గొడుగును వదల్లేదు. దాని నీడ దాని కాలి దగ్గరే ముడుచుకుని ఉంది.

"ఆగన్నా! ఇది లైవేనా?"

"లైవే సార్, ఇప్పుడే," అంది ఫోన్‌లో గొంతు.

"మనకే ఇంకా పొద్దు నెత్తిమీదికి రాలేదు. ఈ డిసెంబర్లో పోర్చుగల్‌కు మనకంటే ఆరేడు గంటలు ఆలస్యంగా తెల్లారుతాది. ఆడ ఇప్పుడు చీకటి. ఆ గొడుగుకు మిట్టమధ్యాహ్నం నీడ యాడినుంచి వచ్చె?"

బొటనవేలు గాలిలోనే ఆగిపోయింది. ఫోన్‌లో గొంతు తడబడింది. జోయల్ వాచీ అదిరింది: ఎమ్మిగనూరు, బస్టాండు వెనక గది.

లావణ్య చెయ్యి లాక్కోబోయింది. జోయల్ ఆ వేలు వదల్లేదు.

"సీమోనుకూ ఇదే వేలు ఇచ్చినావా?"

"ఆయన గొడుగును చూడలేదు," అందామె నెమ్మదిగా.

పోలీసు జీపు వచ్చేదాకా తువ్వాలు తొలగలేదు. దేవేంద్రప్ప చెమట తుడుచుకున్నాడు. "ఇంగ సముద్రం మీద మనసైతే ఏం సెయ్యాలప్పా?"

"తుంగభద్ర డ్యాముకు పోన్నా," అన్నాడు జోయల్. "ఆడ కూడా ముందు నీళ్లలో చెయ్యి పెట్టి సూడు."